ఉప్పురాయిలో రంధ్రాలు కొలిచిన ఎండాకాలం

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. మా అమ్మ పాలవాడి ముందే పాలల్లో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో లేదో చూసేది. నేను ఆ తల్లి కొడుకుని. ఎవరైనా దారిలో నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఇల్లు చేరేదాకా ఆలోచిస్తాను. ఈ గుణం వల్ల చుట్టాల్లో నాకు మంచి పేరు లేదు. ఉద్యోగంలో మాత్రం బాగా అక్కరకు వచ్చింది. ఎందుకంటే నా పని రాళ్లలో రంధ్రాలు కొలవడం. పైకి ఎంత నున్నగా, గట్టిగా కనిపించినా రాయిని నమ్మకూడదు. లోపల ఎంత డొల్ల ఉంది, ఆ డొల్లలు విడివిడిగా ఉన్నాయా, ఒకదానిలోంచి ఒకదానికి దారి ఉందా అని చూడాలి. నన్నడిగితే అది అనుమానప్పక్షులకే తగిన కొలువు.

మా ల్యాబ్ చంద్రపూర్‌లో ఉండేది. చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చే బొగ్గునీ, బొగ్గు పైన ఉండే ఇసుకరాయినీ పరీక్ష చేసేవాళ్లం. రంధ్రాలు కొలిచే సెక్షన్‌లో మేం ఇద్దరమే. ఒకడిని నేను. రెండో మనిషి నా కంటే పెద్దది, సర్వీసులోనూ వయసులోనూ. ఆమెదీ రాజురా వైపు తెలుగు కుటుంబమే కాబట్టి మొదటి రోజునే నన్ను తమ్మీ అంది, నేను అక్కా అన్నాను. ఆఫీసులో అందరితో మరాఠీ, మా ఇద్దరి మధ్య తెలుగు. ఆమె భర్తకు కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. ఊర్జానగర్ కాలనీలో క్వార్టర్, పన్నెండో తరగతి చదివే కూతురు. నేను లాల్‌పేట్‌లో అద్దెకుండేవాణ్ని. మా ఆవిడ దగ్గర్లోనే ఒక మరాఠీ బడిలో టీచరు.

అప్పుడు మా దగ్గర రీఆర్గనైజేషన్ నడుస్తోంది. ఆ మాట పలకడానికే నోరు తిరగదు, భరించడం ఇంకా కష్టం. ఈ సెక్షన్‌ను ఆ సెక్షన్‌లో కలిపారు, ఆ సెక్షన్‌ను మూసేశారు, ఫలానా ఆయనను ఎక్కడో అడవిలో ఉన్న గనికి వేశారు అని రోజుకో కబురు. కుర్చీ కొంచెం జరిపి వేసినా, ఎవరో మన చోటు కొలుస్తున్నారేమో అనిపించేది. టీ కొట్టు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు వెళ్లగానే మాట మారిపోయేది. నాకు కొత్తేం కాదు గానీ, జీవితంలో మొదటిసారి ఊరంతా నాలాగే ఉన్నట్టు అనిపించింది.

ఒకరోజు అక్క టిఫిన్ డబ్బా విప్పుతూ మెల్లగా చెప్పింది. "ఇన్నవా తమ్మీ, మన సెక్షన్ల ఇద్దర్ల ఒక్కరే ఉంటరట. ఇంకొకరిని దూరం ఏస్తరట."

"ఎవరన్నరు?"

"సాహెబే అన్నడు. గా రాజస్థాన్ దిక్కు నుంచి వచ్చే ఉప్పురాయి పని ఎట్ల చేస్తరో చూసి చెప్తడట."

ఆమె వెళ్లిపోతే ఇల్లు రెండు ముక్కలవుతుంది. భర్త ప్లాంటు వదిలి రాలేడు, కూతురు పరీక్షల ఏడాది. నేను వెళ్లిపోతే మా ఆవిడ తన ఉద్యోగం వదులుకోవాలి, లేదా నన్ను వదులుకోవాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ రోజు ఆమె నాకు తన డబ్బాలోని వంకాయ కూర పెట్టింది. రోజూ పెట్టేదే. ఆ రోజు మాత్రం ఎందుకు పెట్టిందా అనుకుంటూ తిన్నాను.

ఉప్పురాయి అంటే ఉపవాసాల నాడు వాడుకునే సైంధవ లవణం లాంటిదే. భూమి లోపల పెద్ద పెద్ద పొరలుగా ఉంటుంది. ఆ పొరను తొలిచి లోపల నూనె దాచుకోవచ్చా అని ఎవరో పెద్దవాళ్లు ఆలోచిస్తున్నారు. దాచిన నూనె కారిపోకుండా ఉండాలంటే ఉప్పులో రంధ్రాలు ఎంత సన్నంగా ఉన్నాయో తెలియాలి. అందుకు పనికొచ్చే పాదరసం మిషన్ మా దగ్గర ఉంది. బొటనవేలంత ముక్కను బాగా ఆరబెట్టి గాజు బుడ్డిలో వేసి, గాలంతా లాగేసి, పాదరసం నింపుతాం. పాదరసం తనంతట తాను రంధ్రంలోకి పోయే రకం కాదు, నెట్టాలి. కొంచెం నెడితే పెద్ద రంధ్రాల్లోకి వెళుతుంది. సన్నవాటిలోకి వెళ్లాలంటే గట్టిగా నెట్టాలి. ఎంత ఒత్తిడికి ఎంత దూరిందో చూస్తే లోపలి సంగతి బయటపడుతుంది.

బొగ్గుతో అలవాటైన చేతులకు ఉప్పుతో మొదట్లో తిప్పలు తప్పలేదు. మా రాళ్లు కోసే మనిషి అలవాటు కొద్దీ మొదటి ముక్కను కొళాయి కింద పెట్టి కడిగాడు. ముక్క సబ్బులాగా అరిగిపోయింది. తరువాత నుంచి నీళ్లు లేకుండా కోయడం, కోసిన ముక్కను తేమ తగలకుండా మూత బిగించిన గాజు జాడీలో పెట్టడం నేర్చుకున్నాం.

మా సాహెబ్ ఎవరినీ నమ్మే మనిషి కాదు. ఆ మాటకొస్తే ఆయన మీద నాకు కాస్త గౌరవం కలిగింది కూడా. ఆయన ఒక నియమం పెట్టాడు. ఒకే రాతి నుంచి తీసిన ముక్కలను మేం ఇద్దరం వేరువేరుగా కొలవాలి. నేను మిషన్ మీద కూర్చున్న రోజు అక్క జాడీలోంచి ముక్క తీసి, తూచి, నాకు ఇవ్వాలి. ఆమె కూర్చున్న రోజు ఆ పని నేను చేయాలి. ఒకరి చేతి పనికి ఇంకొకరు సాక్షి అన్నమాట. రెండు కొలతలూ దగ్గరగా ఉంటే పని నమ్మదగ్గది.

దగ్గరగా లేవు. ఆమె కొలిచిన ముక్కల్లో రంధ్రాలు ఉన్నాయి, ఉప్పుకు ఎంత ఉండాలో అంత. నేను కొలిచిన వాటిలో దాదాపు లేనట్టే వస్తోంది. పాదరసం ఎంత నెట్టినా లోపలికి పోవడం లేదు. తలుపులన్నీ ఎవరో మూసేసినట్టు. మొదటిసారి మిషన్‌ను అనుమానించాను. విప్పి తుడిచి మళ్లీ బిగించాను. రెండోసారి పాదరసాన్ని అనుమానించాను. మూడోసారి ఇక మనిషి తప్ప ఏదీ మిగల్లేదు.

మే నెల. చంద్రపూర్ మే నెల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మా గదిలో ఏసీ చెడిపోయి ఉంది. సెక్షనే ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు ఏసీ బాగు చేయించడం దేనికని ఫైలు కదల్లేదు. దాని బదులు కిటికీకి ఒక ఇనుప కూలర్ తగిలించారు. పొద్దున్నే నీళ్లు నింపితే సాయంత్రం దాకా గడ్డి వాసనతో చల్లగాలి కొట్టేది. ఆ గాలి ముందు కూర్చోవడానికి పక్క గదుల వాళ్లు కూడా ఏదో పని కల్పించుకుని వచ్చేవాళ్లు. వాళ్లు నా కొలతలు చూసి పోవడానికే వస్తున్నారని నాకు నమ్మకం.

నేను అక్కను గమనించడం మొదలుపెట్టాను. జాడీ మూత తీసేటప్పుడు, తూచేటప్పుడు ఒక్క పిసరు తేడా లేదు. కానీ తూచిన తరువాత ఆమె చేసే ఒక పని నాకు అర్థం కాలేదు. ముక్క ఉన్న గాజు గిన్నెను నా చేతికి ఇచ్చేది కాదు. చెయ్యి చాపినా ఇచ్చేది కాదు. తీసుకెళ్లి కిటికీ పక్కన ఉన్న బల్ల మీద పెట్టి, "పెట్టిన తమ్మీ" అని వెళ్లిపోయేది. నేను గాజు బుడ్డి మూతకు గ్రీజు రాసి, గొట్టాలు సరిచూసుకుని, లేచి వెళ్లి తెచ్చుకునేవాణ్ని. నేను ఇచ్చే రోజుల్లో అట్లా కాదు. పట్టకారుతో ముక్కను పట్టుకొచ్చి నేరుగా మిషన్ దగ్గర నిలబెట్టిన బుడ్డిలో జారవిడిచేవాణ్ని.

ఎందుకు నా చేతికి ఇవ్వదు? ఇస్తే ముక్కను దగ్గరగా చూస్తానని భయమా? బల్ల దగ్గర మార్చేస్తోందా? మా ఆవిడతో అన్నాను.

"నీ కండ్లకు ప్రతి తాడు పామే" అంది ఆమె పుస్తకాలు దిద్దుతూ. "ఆమె గట్ల చేసే మనిషి గాదు."

"ఆ మనిషి సంగతి నీకెట్ల ఎరుక?"

"నీ సంగతి నాకు ఎరుక గద" అంది.

నిజం చెప్పొద్దూ, అక్క కూడా ఊరికే కూర్చోలేదు. ఆమె కొలిచే రోజున నేను ముక్కలు ఆరబెట్టే ఓవెన్ దగ్గరికి వెళితే వెంటే వచ్చేది. ఎంత వేడి పెట్టావని అడిగేది, ముల్లు వంక రెండుసార్లు చూసేది. వేడి ఎక్కువైతే ఉప్పు లోపల సన్నగా పగుళ్లు వచ్చి, లేని రంధ్రాలు ఉన్నట్టు చూపిస్తుంది. నేను వేడి పెంచి ఆమె కొలతలు ఉబ్బిస్తున్నానని ఆమె అనుమానం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అడక్కుండానే, "వేడి సరిగ్గనే పెట్టిన అక్కా" అనేవాణ్ని. దాంతో అనుమానం ఇంకా పెరిగి ఉంటుంది. టిఫిన్ డబ్బాలు ఎదురెదురుగా పెట్టుకుని తింటూనే ఉన్నాం. కూరలు మాత్రం చేతులు మారడం మానేశాయి.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సగం రాష్ట్రానికి కరెంటు పంపే ఊళ్లో కరెంటు పోతే జనం తిట్టే తిట్లు వినాలి. మా మిషన్‌కు వేరే బ్యాటరీల ఆధారం ఉంది కాబట్టి అది ఆగలేదు. కూలర్ ఆగింది. గది పొయ్యిలా అయింది. ఆ రోజు మిషన్ మీద నేనే. అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ ముక్కను తూచి, ఎప్పటిలాగే కిటికీ బల్ల మీద పెట్టి వెళ్లింది. నేను చెమటలు కక్కుతూ కొలిచాను.

సరిగ్గా ఆమెకు వచ్చినట్టే వచ్చింది.

మంచి మనసున్నవాడైతే సంతోషించేవాడు. నేను మాత్రం, ఈ ఒక్క రోజు ఈమె ఎందుకు వదిలేసింది అని ఆలోచించాను. మొహమాటపడిందా, భయపడిందా? ఆమె చేసింది రోజూ చేసేదే. నేను చేసింది రోజూ చేసేదే. మారింది ఏమిటని వెతుకుతుంటే కరెంటు వచ్చి కూలర్ మళ్లీ గర్రుమంది. చల్లగాలి తిన్నగా వచ్చి కిటికీ బల్ల మీద పడింది. నేను లేచి బల్ల మీద చెయ్యి పెట్టి చూశాను. తడి లేదు, కానీ ఆరిన బల్ల కూడా కాదు. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉండే చెమ్మ అది.

కోతలో మిగిలిన ఒక ఉప్పురాయి ముక్కను అక్కడ పెట్టి ఎదురుచూశాను. కాసేపటికి దాని మెరుపు మారింది. వేలితో తాకితే జిగురు. అదే ముక్కను మిషన్‌లో పెట్టి గాలి లాగితే చెమ్మ ఆరిపోతుంది, కరిగిన ఉప్పు మళ్లీ గట్టిపడి రంధ్రాల మూతులు పూడ్చేస్తుంది. ఇక పాదరసం ఎక్కడికి పోతుంది? రోజూ నా ముక్కలు కూలర్ గాలి తాగి వచ్చాయి. ఆమె ముక్కలు జాడీలోంచి నేరుగా బుడ్డిలోకి వెళ్లాయి.

అక్కను పిలిచి చూపించాను. ఆమె ముక్కను తాకి చూసి నోరు నొక్కుకుంది. నేను ఊరుకోలేదు.

"అయితే అక్కా, నా చేతికే ఇయ్యొచ్చు గద. రోజు అక్కడనే ఎందుకు పెడ్తవ్?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఉప్పు చేతికి ఇయ్యొద్దు తమ్మీ. ఇస్తే కొట్లాట అయితది. నీకు ఎరుక లేదా?"

ఎందుకు తెలియదు. మా ఇంట్లో కూడా అన్నం తినేటప్పుడు ఉప్పు అడిగితే డబ్బా కింద పెడతారు, మనమే తీసుకోవాలి. కానీ ల్యాబ్‌లో అది నాకు ఎప్పుడూ ఉప్పుగా కనపడలేదు. నంబరు వేసిన శాంపిల్‌గానే కనపడింది.

"వట్టిగనైతే నేను గూడ పట్టించుకోకపోదును" అంది ఆమె. "ఇద్దర్ల ఒక్కరే ఉంటరని అన్నరు గద. గిట్లాంటప్పుడు నా చేతులతోని నీకు ఉప్పు ఇచ్చి, లేనిపోని కొట్లాట ఎందుకని పక్కన పెడ్తున్న."

నాకు నవ్వొచ్చింది. మా మధ్య గొడవ రాకూడదని ఆమె తీసుకున్న జాగ్రత్తే ఇన్నాళ్లూ మమ్మల్ని దొంగల్లా ఒకరినొకరు కాపలా కాయించింది. ఆ క్షణంతో ఆమె మీద నా అనుమానమంతా పోయిందని రాస్తే బాగుంటుంది. చాలావరకు పోయింది. మర్నాడు నా డబ్బాలో చింతచిగురు పప్పు ఉంటే సగం ఆమెకు పెట్టాను.

కూలర్ ఆపి, ఉక్కలో కూర్చుని, ముక్కలన్నీ మళ్లీ కొలిచాం. ఇద్దరి అంకెలూ చక్కగా కలిశాయి. పట్టుకెళ్లి సాహెబ్ ముందు పెడితే ఆయన చాలాసేపు చూశాడు. నిన్నటిదాకా కలవనివి ఈ రోజు ఇంత బాగా ఎట్లా కలిశాయి అన్నాడు మరాఠీలో. కూలర్ సంగతి చెప్పాం. కిటికీ బల్ల మీద ముక్కను పెట్టి చూపించాం. ఆయన దాన్ని తాకి చూశాడు. తల ఊపాడు. రాయి సంగతి నమ్మాడు, మా సంగతి నమ్మలేదు. కూలర్ వేసుకుని పని చేసినన్నాళ్లూ గుట్టుగా ఉండి, పోస్టు సంగతి తేలే వేళకు ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారని ఆయన లెక్క.

మర్నాడు నన్ను ఒక్కణ్నే లోపలికి పిలిచి తలుపు వేయించాడు. "నిజం చెప్పు. అంకెలు కలుపుదామని ఆమె అన్నదా?" అని అడిగాడు. ఆ గదిలో ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో నాకు తెలుసు. నేను అవునంటే ఆమె కథ ముగిసినట్టే, లాల్‌పేట్‌లో నా అద్దె ఇల్లు నిలిచినట్టే. లేదన్నాను. అంకెలు ఎవరూ కలపలేదు, అవే కలిశాయి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "పొద్దున ఆమె కూడా అచ్చం ఇదే మాట చెప్పింది" అన్నాడు. ఇద్దరి జవాబులూ అంత బాగా కలవడం ఆయనకు ఏమాత్రం నచ్చలేదని మొహం చూస్తేనే తెలిసింది.

నేను బయటికి వచ్చాను. పొద్దున ఆమెను పిలిచారని నాకు తెలియదు. ఆమె చెప్పలేదు. నన్ను పిలిచారని నేనూ ఆమెకు చెప్పలేదు.

వానలు మొదలయ్యాక ఆర్డర్ వచ్చింది. నన్ను ఇక్కడే ఉంచారు. అక్కను రాత్రంతా రైల్లో వెళితే గానీ చేరలేని బొగ్గు గనులకు వేశారు. కారణం ఎవరికీ చెప్పలేదు, అట్లాంటి ఆర్డర్లలో కారణాలు ఉండవు. కానీ ఆఫీసంతా కారణం కనిపెట్టేసింది. వాళ్ల కంట్లో పడినంతవరకు తలుపు వేసుకుని సాహెబ్‌తో మాట్లాడింది నేను. మిగిలింది నేను. ఇంకేం కావాలి? టీ కొట్టు దగ్గర నేను వెళ్లగానే మాట ఆగిపోవడం మొదలైంది. నేనైనా అట్లాగే అనుకునేవాణ్ని కాబట్టి వాళ్ల మీద కోపం రాలేదు. కానీ బాధ మాత్రం వచ్చింది.

ఆమె రిలీవ్ అయిన రోజు అందరం అటుకుల చివడా, టీ తీసుకున్నాం. శాలువా కప్పారు, మాటలు చెప్పారు. సాయంత్రం ఆమె భర్త స్కూటర్ మీద వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఎప్పుడూ నన్ను చూస్తే చెయ్యెత్తే మనిషి, ఆ రోజు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. వరండాలో అక్క నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, ఒక్క మాట."

అడుగుతుందనుకున్నాను, నా మీద సాహెబ్‌కు ఏమన్నా చెప్పావా అని. జవాబు సిద్ధం చేసుకున్నాను. మా అమ్మ మీద ఒట్టు కూడా సిద్ధం చేసుకున్నాను.

"సాహెబ్ నన్ను లోపటికి పిలిచి నీ గురించి అడిగిండు" అంది ఆమె. "నేను నీ మీద ఒక్క మాట చెడ్డగ చెప్పలే. నువ్వు వేరే తీరుగ అనుకోకు. మనసుల పెట్టుకోకు."

వెళ్లిపోతున్నది ఆమె. మొగుణ్నీ, పరీక్షల ఏడాదిలో ఉన్న కూతుర్నీ వదిలేసి వెళుతున్నది ఆమె. ఉద్యోగమూ ఇల్లూ నిలిచింది నాకు. అయినా ఆమే నాకు సంజాయిషీ చెప్పుకుంటోంది. నా గుణం ఆమెకు అంత బాగా తెలుసు. ఆమె అనుకున్నదీ తప్పు కాదు. ఆర్డర్ వచ్చిన నాటి నుంచి ఆ వరండాలో నిలబడేదాకా, తలుపు వెనక ఈమె నా గురించి ఏం చెప్పి ఉంటుందా అనే నేను ఆలోచిస్తున్నాను.

"నేను గూడ ఏం చెప్పలేదక్కా" అన్నాను.

"నువ్వు చెప్పవని నాకు ఎరుకనే" అంది ఆమె, ఎండ బాగా కొడుతోంది అన్నంత తేలిగ్గా.

శాలువాను సంచిలో కుక్కుకుని మెట్లు దిగి, స్కూటర్ ఎక్కి వెళ్లిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. నువ్వు చెప్పవని నాకు ఎరుకనే అన్న ఆ మాట నేను ఆమెతో ఒక్కనాడూ అనలేకపోయాను.